కదిలే అక్షరం: ఇంటి కంప్యూటరు ప్రోగ్రాములో చిన్న కదలికలు చేర్చే విధానం

హోసూరు, బళ్ళారి, రాయగడ వంటి ప్రాంతాలలోని తెలుగు ఇండ్లలో పిల్లలు బడిలో ఒక లిపి నేర్చుకుంటూ, ఇంట్లో మరొక భాష మాట్లాడడం మనకు క్రొత్త కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం, 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. రాజ్యభాష నేర్చుకోవడం పిల్లలకు అవసరమే. అయితే అనేక ఇండ్లలో తెలుగు అక్షరం దిద్దించే బాధ్యత బడి నుండి తొలగి, అమ్మమ్మ తాతయ్యల మీద పడింది.

పలక మీద దిద్దించేటప్పుడు పెద్దలు పిల్లవాని చేయి పట్టుకొని నడిపిస్తారు. అచ్చు పుస్తకంలో ఆ సౌకర్యం లేదు. అది అక్షరం యొక్క పూర్తి రూపాన్ని చూపుతుందే గాని, బలపం ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో చెప్పదు. కన్నడ బడిలో చదివే పిల్లలకు ఈ ఇబ్బంది మరికొంత ఎక్కువ. రెండు లిపులలోనూ ‘క’ ఇంచుమించు ఒకే పోలికలో ఉంటుంది. తలకట్టు దగ్గర తేడా వస్తుంది. ఆ తేడాను చేతి కదలికతో చూపితే పిల్లలకు సులువుగా పట్టుబడుతుంది.

అటువంటి కదలికను ఇంటి కంప్యూటరులో మనమే తయారుచేసుకోవచ్చు. ఇందుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, దానితో పాటు విండోస్‌లో ఉచితంగా లభించే టికింటర్ అనే పరికరాల సంచి చాలు. ఇంట్లో ఇంటరు గాని, డిగ్రీ గాని చదివే అన్నయ్యో అక్కయ్యో ఉంటే ఈ పని కష్టమేమీ కాదు. ఈ వ్యాసంలో చెప్పే ఆజ్ఞల పేర్లను ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలని గమనించగలరు.

కదలిక అంటే ఏమిటి?

తెర మీద నిజానికి ఏదీ కదలదు. కొద్దికొద్ది తేడాతో ఉన్న నిశ్చల చిత్రాలు వెంటవెంటనే మారుతుంటే, మన కన్ను వాటిని కదలికగా గ్రహిస్తుంది. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు చూపడం పరిపాటి. సాధారణమైన కంప్యూటరు తెర సెకనుకు 60 మార్లు తనను తాను తిరిగి గీసుకుంటుంది. కాబట్టి మన ప్రోగ్రాము దాదాపు 16 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను కొద్దిగా మార్చితే కదలిక నున్నగా కనిపిస్తుంది. 33 మిల్లీసెకన్లకు ఒకసారి మార్చినా మన అవసరానికి సరిపోతుంది.

క్రొత్తవారు చేసే పొరపాటు

మొదటిసారి ప్రయత్నించేవారు ఒక గీత గీసి, స్లీప్ అనే ఆజ్ఞతో కొంతసేపు ఆగి, మరొక గీత గీయాలని చూస్తారు. అప్పుడు కదలిక కనబడదు. అంతా అయిపోయాక అక్షరం ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. కారణం తెలుసుకోదగినది. విండోను నడిపే ప్రోగ్రాము ఎల్లప్పుడూ ఒక చక్రంలో తిరుగుతూ ఉంటుంది: మౌస్ నొక్కారా, మీట కొట్టారా, తెరను తిరిగి గీయాలా అని వరుసగా చూసుకుంటుంది. స్లీప్ ఆ చక్రాన్నే ఆపివేస్తుంది. అంగడి యజమాని నిద్రపోతే వాకిట నిలిచిన బేరగాండ్రను పలకరించేవారుండరు గదా! ఇక్కడ జరిగేదీ అదే. పిల్లవాడు ఎన్ని మార్లు నొక్కినా విండో బదులివ్వదు.

దీనికి పరిష్కారం టికింటర్‌లోని ఆఫ్టర్ అనే ఆజ్ఞ. “ఇన్ని మిల్లీసెకన్ల తరువాత ఈ పని చేయి” అని చెప్పి, అది వెంటనే తప్పుకుంటుంది. ఈ నడుమ చక్రం తన పని తాను చేసుకుంటుంది. సమయం రాగానే మనం చెప్పిన పని జరుగుతుంది. ఆ పని చివర మళ్ళీ ఆఫ్టర్‌ను పిలిస్తే తరువాతి అడుగు పడుతుంది. అక్షరం పూర్తి అయినప్పుడు పిలవడం మానివేస్తే కదలిక ఆగుతుంది.

అమ్మమ్మ చేతిరాత

ఇక అసలు పని. ముందుగా క్యాన్వాస్ అనే గీతల పలకను విండోలో పెట్టాలి. ఇంటి పెద్దలలో ఒకరు మౌస్ ఎడమ మీట నొక్కిపట్టి దాని మీద అక్షరం వ్రాస్తారు. మౌస్ జరిగిన ప్రతిసారీ దాని అడ్డు, నిలువు స్థానాలను ప్రోగ్రాము ఒక జాబితాలో చేర్చుకోవాలి. మీట వదిలిన చోట ఒక గీత ముగిసినట్లు గుర్తు పెట్టాలి. లేనిచో తలకట్టుకూ క్రింది భాగానికీ నడుమ అక్కరలేని గీత పడుతుంది. ఈ జాబితాను ఒక ఫైలులో దాచుకోవాలి.

తిరిగి చూపేటప్పుడు అడుగులను గాక కాలాన్ని లెక్కించడం ముఖ్యం. ‘క’ అక్షరానికి 120 బిందువులు నమోదయ్యాయని, దానిని 3 సెకన్లలో చూపదలచామని అనుకుందాం. ప్రతి అడుగులోనూ మొదలుపెట్టి ఎంతసేపైందో గడియారాన్ని అడగాలి. ఇందుకు టైమ్ విభాగంలోని మోనోటోనిక్ అనే గడియారం అనువైనది. మధ్యలో ఎవరైనా కంప్యూటరు సమయం మార్చినా అది తడబడదు. గడిచిన కాలాన్ని మొత్తం కాలంతో భాగిస్తే 0 నుండి 1 వరకు ఒక నిష్పత్తి వస్తుంది. అది 1 దాటితే 1 గానే తీసుకోవాలి. ఒకటిన్నర సెకను గడిస్తే నిష్పత్తి 0.5, అంటే 60వ బిందువు వరకు గీయాలి. గత అడుగులో ఆగిన బిందువు నుండి ఇప్పటి బిందువు వరకు లావుపాటి గీతలు గీస్తే సరి. పాత కంప్యూటరు నెమ్మదిగా నడిచి తక్కువ అడుగులే వేసినా, అక్షరం మూడు సెకన్లలోనే పూర్తవుతుంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే మాత్రం ఒక ఇంట్లో తాబేలుగా, మరొక ఇంట్లో కుందేలుగా నడుస్తుంది.

నెమ్మదిగా ఆగే అట్ట

తరువాతి అక్షరం వచ్చేటప్పుడు ఒక అట్ట కుడివైపు నుండి జరిగి వచ్చేటట్లు చేయవచ్చు. 400 పిక్సెళ్ళ దూరాన్ని ఒకే వేగంతో నడిపితే అది గోడను తాకి ఆగినట్లు మొరటుగా ఉంటుంది. చేతితో నెట్టిన వస్తువు క్రమంగా నెమ్మదించి ఆగుతుంది. అందుకొక చిన్న లెక్క ఉంది. కాల నిష్పత్తిని 1 నుండి తీసివేసి, వచ్చిన దానిని దానితోనే హెచ్చవేసి, ఆ ఫలితాన్ని మళ్ళీ 1 నుండి తీసివేయాలి. నాలుగవ వంతు కాలానికి ఒకే వేగంలో 100 పిక్సెళ్ళు నడిచే అట్ట, ఈ లెక్కలో 175 నడుస్తుంది. సగం కాలానికి 300 దాటి, తక్కిన సగంలో మిగిలిన 100 మెల్లగా పూర్తి చేస్తుంది. దీనికంతటికీ 300 మిల్లీసెకన్లు చాలు. అంతకంటె సాగదీస్తే పిల్లలకు విసుగు పుడుతుంది.

జాగ్రత్తలు

పిల్లలు ఒకే మీటను పదిసార్లు నొక్కుతారు. ప్రతి నొక్కుకూ క్రొత్త కదలిక మొదలైతే గీతలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఆఫ్టర్‌ను పిలిచినప్పుడల్లా అది ఒక గుర్తును ఇస్తుంది. దానిని దాచుకొని, క్రొత్తది మొదలుపెట్టే ముందు పాతదానిని ఆఫ్టర్ క్యాన్సిల్ అనే ఆజ్ఞతో రద్దు చేసి, పలకను తుడిచివేయాలి.

మెరుపులు పెట్టరాదు. సెకనుకు మూడు మార్లకు మించి మెరిసేవి కొందరికి మూర్ఛ తెప్పించగలవని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య సూత్రాలు హెచ్చరిస్తున్నాయి. కదలిక చూస్తే తల తిరిగేవారి కొరకు ఆపివేసే మీట ఒకటి తప్పక ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యంగా, అక్షరం కదులుతుండగా ప్రక్కన మరేదీ కదలరాదు. పిల్లల చూపు కదిలే వస్తువు వెంట పోతుంది. అది అక్షరం వెంటనే పోవాలి.

ఒక అక్షరంతో మొదలుపెట్టండి. అది సరిగా నడిచాక, అదే ప్రోగ్రాముతో తక్కిన అక్షరాలను వ్రాయించి దాచుకుంటే చాలు. క్రొత్తగా వ్రాయవలసిన ఆజ్ఞలేమీ ఉండవు. ఆ ఫైలులో ఉండేది అచ్చు అక్షరం కాదు, మీ ఇంటి పెద్దల చేతి కదలిక. వారి చేయి అందనంత దూరంలో మనుమలు చదువుకుంటున్నా, ఆ చేయి నడిచిన దారి వారి కంటి ముందు నిలుస్తుంది.