రాబోవు రూపమేది? పోకెమాన్ ఆటలో ఊహయు, ప్రమాణమును

మానవునకు సహజమైన గుణములలో ఊహించుట యొకటి. మబ్బు పట్టగనే రైతు వాన నూహించును; పిందె కనబడగనే పిల్లవాడు పండు నూహించును. నేటి బాలబాలికలు మిక్కిలి ఆసక్తితో ఊహించు విషయము మరియొకటి గలదు. పోకెమాన్ అను ఆటలోని వింతప్రాణులు రాబోవు భాగములలో ఏ క్రొత్త రూపములు దాల్చును? ఇంతవరకు ఒంటరిగా నున్న ఏ ప్రాణికి పైమెట్టు లభించును? ఈ చర్చ విరామ సమయమున చెట్టునీడను, సాయంకాలము ఇంటి అరుగులపైనను సాగుచునే యుండును. తల్లిదండ్రులలో కొందరు దీనిని వ్యర్థ కాలక్షేపమని విసుగుకొనుచుందురు. ఇది వ్యర్థమా, సార్థకమా యనునది చర్చించు విధానమును బట్టి యుండును. ఆ విధానమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఆట నెరుగని పెద్దలకొరకు నాలుగు మాటలు. 1996 ఫిబ్రవరి 27వ తేదీన జపాను దేశమున రెడ్, గ్రీన్ అను పేర్లతో రెండు ఆటలు వెలువడెను. వీనికి మూలపురుషుడగు సతోషి తాజిరి బాల్యమున పురుగులను పట్టి సేకరించుట యందు మక్కువ గలవాడు. ఆ మక్కువయే ఈ ఆటకు బీజమైనది. ఆటగాడు ఊరూర తిరిగి ప్రాణులను పట్టి, పెంచి, పోటీలలో నిలుపవలెను. తొలి ఆటలలో 151 జాతుల ప్రాణులుండెను. 1999లో గోల్డ్, సిల్వర్ అను ఆటలు వచ్చునప్పటికి అవి 251 అయినవి. 2023 నాటికి 1025కు చేరినవి. మన దేశమున ఈ పేరు టెలివిజన్‌లోని బొమ్మల కథల వలనను, 2016 డిసెంబరులో ఇచ్చట ప్రవేశించిన పోకెమాన్ గో అను సెల్‌ఫోను ఆట వలనను పలువురకు పరిచితమైనది.

ఈ ప్రాణులకు ఒక విశేషము గలదు. అనుభవము పెరిగినప్పుడు గాని, ఒక ప్రత్యేకమైన రాయి తగిలినప్పుడు గాని, మరియే నియమమైనను నెరవేరినప్పుడు గాని, ప్రాణి తన పూర్వరూపమును విడిచి క్రొత్త రూపము దాల్చును. దీనిని ఆటలో ఎవల్యూషన్ అందురు. జపాను భాషలో 'షింకా' అందురు. జీవశాస్త్రములో చెప్పు పరిణామమునకును ఆ భాషలో ఇదే పదము వాడుదురు.

విద్యార్థులు ఇచ్చట పొరబడరాదు. చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన గ్రంథమున వివరించిన పరిణామము ఒక్క ప్రాణి జీవితకాలములో జరుగునది కాదు. అది తరతరములుగా, ఒక జాతి మొత్తమున మెల్లమెల్లగా జరుగు మార్పు. ఆటలో జరుగునది గొంగళిపురుగు సీతాకోకచిలుక యగుట వంటిది. దీనిని శాస్త్రజ్ఞులు రూపవిక్రియ అందురు. కేటర్‌పీ అను గొంగళి 7వ స్థాయిలో మెటాపాడ్ అను గూడుగను, 10వ స్థాయిలో బటర్‌ఫ్రీ అను సీతాకోకచిలుకగను మారుట చూచినచో ఈ భేదము తేటపడును. కావున ఈ వ్యాసమున దానిని పరిణామ మనక, రూపాంతరమని వ్యవహరింతును.

ఇక ఊహకు తావెచ్చట నున్నది? ఏ ప్రాణి రూపమును కడపటిదని చెప్పుటకు వీలులేకపోవుటయే ఊహకు తావు. 1996లో గోల్బాట్ అను గబ్బిలమునకు పైమెట్టు లేదు. 1999లో క్రోబాట్ అను నాలుగు రెక్కల రూపము వచ్చినది. ఆనిక్స్ అను రాతిపాము ఆ సంవత్సరముననే స్టీలిక్స్ అను ఉక్కుపాముగా మారగలిగినది. యాన్మా అను తూనీగకు 2006లో యాన్మెగా అను పెద్దరూపము లభించినది. తొలి ఆటలలోనే యున్న ప్రైమేప్ అను కోపిష్టి కోతికి 26 సంవత్సరముల పిమ్మట, 2022లో, అనైహిలేప్ అను రూపము కలిగినది. ఇట్టి ఉదాహరణములు ఉండుటచే, తమ కిష్టమైన ప్రాణికిని ఎన్నడో యొకనాడు అదృష్టము పట్టునని పిల్లలు ఎదురుచూచుట సహజమే.

ఎదురుచూచుట వేరు, నిర్ణయించుట వేరు. ఒక విషయమును సత్యమని నిర్ణయించుటకు మన న్యాయశాస్త్రము నాలుగు ప్రమాణములను చెప్పినది: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. క్రొత్త ఆట వెలువడి, ఆ రూపమును కన్నులార చూచినప్పుడు గాని ప్రత్యక్షము సిద్ధింపదు. అంతవరకు మిగిలిన మూడింటితోనే పని. పోకెమాన్ అభిమానుల ఊహలు ఈ మూడింటి యందును ఎట్లు నిలిచెనో, ఎట్లు జారెనో చూతము.

శబ్దమనగా ఆప్తవాక్యము, విషయము తెలిసి, కల్లలాడని వాని మాట. 1998లో జపానులో విడుదలైన పికాచు చిన్నచిత్రములో నీలిరంగుగల గుండ్రని ఎలుక వంటి ప్రాణి యొకటి కనబడినది. దాని బొమ్మలు అమెరికా చేరగనే అచ్చటి పిల్లలు అది పికాచు యొక్క క్రొత్త రూపమని తలచి, 'పికాబ్లూ' అని పేరు పెట్టిరి. అప్పటి ఆటలలోనే దానిని పట్టవచ్చునని, అందులకు ఇట్లిట్లు చేయవలెనని కల్పిత ఉపాయములు వ్యాపించెను. ఎందరో పిల్లలు గంటల కొలది ఆ ఉపాయములను ప్రయత్నించి అలసిరి. 1999లో గోల్డ్, సిల్వర్ ఆటలు వచ్చిన పిమ్మట నిజము బయటపడినది. ఆ ప్రాణి పేరు మారిల్, నీటికి చెందినది, పికాచుతో దానికి చుట్టరికమే లేదు. పికాచునకు నిజముగా లభించినది పైమెట్టు కాదు, పిచు అను పసిరూపము. అందరును మేడమీదికి చూచుచుండగా మెట్టు క్రిందనుండి వచ్చినది!

ఇచ్చట తప్పు బొమ్మలో లేదు, బొమ్మ నిజమైనదే. ఆ బొమ్మకు ఎవరో పెట్టిన పేరును, చెప్పిన కథను విచారింపక నమ్ముటయే తప్పు. కంప్యూటరు సహాయమున ఎట్టి బొమ్మనైనను క్షణములో కల్పించు ఈ దినములలో ఈ హెచ్చరిక మరింత అవసరము. ఇంకొక చిత్రము గలదు. 1997లో జపానులో జరిగిన ప్రదర్శన కొరకు సిద్ధపరచిన గోల్డ్ ఆట యొక్క చిత్తుప్రతి 2018లో బయటపడినది. అందులో ఫార్‌ఫెచ్డ్ అను బాతునకు ఒక పైరూపము గలదు. అది నిర్మాతల స్వహస్తమున పుట్టినదే యైనను, అచ్చైన ఆటలో దానికి చోటు దొరకలేదు. నిర్మాతల చిత్తుప్రతికే ఈ గతి పట్టినప్పుడు, ఊరుపేరు లేని వార్త నెంతవరకు నమ్మదగునో పాఠకులే యోచింపగలరు.

అనుమానమనగా హేతువును బట్టి సాధ్యము నూహించుట. కొండపై పొగ జూచి నిప్పు గలదని తెలిసికొనుట దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము. పోకెమాన్ లోకమున దీనికి చక్కని ఉదాహరణము ఈవీ అను నక్కపిల్ల వంటి ప్రాణి. దీనికి ఒకటి కాదు, అనేక రూపములు. 1996లో నీరు, విద్యుత్తు, నిప్పు వర్గములకు చెందిన మూడు రూపములు. 1999లో మనశ్శక్తి, చీకటి వర్గములవి రెండు. 2006లో ఆకు, మంచు వర్గములవి రెండు. వెరసి ఏడు. తొలి ఆటలలో ప్రాణుల వర్గములు రెండు పక్షములుగా నుండెడివి: శరీరబలముతో కొట్టు వర్గములు, విశేషశక్తితో కొట్టు వర్గములు. 1999 నుండి విశేషశక్తి పక్షమున ఎనిమిది వర్గము లుండెను. ఈవీ రూపములేడును ఈ ఎనిమిదింటిలోనివే. మిగిలినది డ్రాగన్ వర్గ మొక్కటి. కావున ఎనిమిదవ రూపము డ్రాగన్ వర్గమునదే కావలెనని అభిమానులు వాదించిరి.

ఈ వాదము పిల్లల మాటగా త్రోసివేయదగినది కాదు. రష్యా దేశీయుడగు మెండలీవ్ మూలకముల పట్టికలో ఖాళీలు చూచి, 1871లో ఇట్టి తర్కమునే వాడెను. సిలికాన్ క్రింది ఖాళీలో రాదగిన మూలకమునకు మన సంస్కృతము నుండి 'ఏక' అను పదమును గైకొని ఏకసిలికాన్ అని పేరిడి, దాని పరమాణుభారము సుమారు 72 ఉండునని చెప్పెను. 1886లో జెర్మేనియం దొరికినది. దాని పరమాణుభారము నేటి లెక్కలో 72.63.

అయినను, ఈవీ విషయమున అభిమానుల లెక్క తప్పినది. 2013లో ఎక్స్, వై ఆటలతో వచ్చిన ఎనిమిదవ రూపము సిల్వియాన్. అది అదివరకు ఆటలో లేనే లేని 'ఫెయిరీ' అను క్రొత్త వర్గమునకు చెందినది. ఏల ఇట్లు జరిగినది? పొగకును నిప్పునకును గల విడదీయరాని సంబంధమును తార్కికులు వ్యాప్తి అందురు. ప్రకృతిలోని వ్యాప్తి మన మెచ్చుకొన్నను మెచ్చుకొనకున్నను మారదు. ఆటలోని వ్యాప్తి నిర్మాతల అలవాటు మాత్రమే. ఆ రెండు పక్షముల విభాగమును వారు 2006లోనే విడిచిరి. 2013లో పట్టికకే క్రొత్త గడి చేర్చిరి. మెండలీవ్ ఊహించినది ప్రకృతి నియమమును. అభిమానులు ఊహించినది మనుష్యుల మనస్సును. రెండవది మొదటిదానికంటె దుర్గ్రహము.

ఇక ఉపమానము, అనగా పోలికచే తెలిసికొనుట. గిరాఫరిగ్ అను ప్రాణి 1999లో వచ్చినది. ముందు జిరాఫీ తల, తోకకు మరియొక తల. దాని ఇంగ్లీషు పేరును ఎటునుండి చదివినను ఒక్కటే, మన 'వికటకవి' వలె. 2022లో వచ్చిన దాని పైరూపము ఫరిగిరాఫ్. ఆ పేరును అంతే! ప్రాణి స్వభావమును గుర్తించి, పేరులోని చమత్కారము నిలుచునని ఊహించినవారికి ఇది సరియైన ఫలము.

డన్‌స్పార్స్ కథ వేరు. జపాను జానపద కథలలో సుచినోకో అను పొట్టి లావుపాము గలదు. దానిని పోలినది ఈ ప్రాణి. 1999 నుండి 23 సంవత్సరములు అభిమానులు దీనికి మహాసర్ప రూపములను, రెక్కల డ్రాగన్ రూపములను చిత్రించుచు వచ్చిరి. 2022లో వెలువడిన డుడన్‌స్పార్స్ మునుపటి ప్రాణియే. నడుమునకు మాత్రము ఒకటి రెండు కణుపులు పెరిగెను. కొందరు నిరాశపడిరి, పలువురు నవ్విరి. ఆ ప్రాణి మొదటినుండియు హాస్యపాత్ర యని గమనించినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. చూడదలచినదానిని చూచినవారు ఉన్నదానిని చూడలేకపోయిరి. కోరిక ఎంత బలమైనదైనను ప్రమాణము కాదు.

ఫార్‌ఫెచ్డ్ సంగతియు చెప్పి ముగింతును. 'బాతు ఉల్లికాడ మోసికొని వచ్చినది' అని జపానులో నొక సామెత. వంటకు కావలసినవి తమంతట తామే ఒనగూడిన వని భావము. వెతకబోయిన తీగ కాలికి తగిలిన దని మనమనుకొనునట్లే. ఆ సామెతనుండి పుట్టిన ఈ బాతునకు 2019లో సర్‌ఫెచ్డ్ అను యోధరూపము లభించినది. ఉల్లికాడయే ఈటె యైనది, దాని ఆకులే డాలైనవి. జపాను సామెత తెలిసినవానికి ఈ రూపమందలి అందము మరింత బోధపడును.

కావున విద్యార్థులారా! ఊహింపుడు. కాని ఊహించిన ప్రతిసారియు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ మాట మొదట చెప్పినదెవరు? ఇట్లు పూర్వమెన్నడైన జరిగినదా? ఇది ప్రాణి స్వభావమునకు తగియున్నదా? ఇందు నా కోరిక పాలెంత? వీనికి జవాబులను తెలుగున వ్రాసి, తేదీ వేసి దాచుకొనుడు. క్రొత్త ఆట వచ్చిననాడు తీసి సరిచూచుకొనుడు. రాబోవు రూపములను ముందే చూపెదమని చెప్పి సొమ్ము గాని, మీ సంకేతపదమును గాని అడుగువారిని మాత్రము దరిజేరనీయకుడు.

తల్లిదండ్రులకు నొక విన్నపము. మన పిల్లలకు ఇంట నొక భాష, వీధిలో నొక భాష, ఆటలో ఇంకొక భాష. తెలుగు పాఠ్యపుస్తకమునకే పరిమితమైనచో పుస్తకము మూసిననాడే అదియు మూతపడును. ఈ ఆటలోని తొలి ప్రాణికి జపానువారు 'ఫుషిగిదానె' అని పేరిడిరి. వింత, విత్తనము అను రెండు మాటలు అందు కలవు. ఫ్రెంచివారు, జర్మనులు తమతమ భాషలలో వేరు పేర్లు కల్పించుకొనిరి. మన పిల్లవాడు దానిని 'వింతవిత్తు' అనరాదా? ఆట కట్టిపెట్టుమని చెప్పుటకు ముందు ఒక్కమారు 'ఏల అట్లనుకొనుచున్నావు, నాయనా?' అని తెలుగున నడుగుడు. 'ఎందుకనగా', 'కావున', 'అయినను' అను మాటలతో వాడు బదులు చెప్పిననాడు, వాని తర్కమును, వాని తెలుగును ఒక్కసారిగా ఒక మెట్టు పైకెక్కును.