వేషం

మారాం చేసే పిల్లవానిని "వేషాలు వేయకు" అని మందలిస్తాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలలో రాత్రంతా యక్షగానం చూచి వచ్చినవారు మాత్రం "కృష్ణుని వేషం ఎవరు కట్టారు?" అని ఆసక్తితో అడుగుతారు. నిందకూ మెప్పుకూ మాట ఒక్కటే.

'వేషము' సంస్కృతం నుండి వచ్చిన తత్సమపదం. దుస్తులు, అలంకారం అన్నది దీని మొదటి అర్థం. దాని నుండి నాటకంలోని పాత్ర, ఆపైన కపటం అనే అర్థాలు ఏర్పడ్డాయి. 'వేషం వేశాడు' అంటే నటించాడని గ్రహిస్తాం. 'వేషాలు వేశాడు' అనగానే సాధారణంగా మోసమే స్ఫురిస్తుంది. ఒక్క బహువచన ప్రత్యయం ఇంత మార్పు తేవడం విశేషమే! 'పగటివేషాలు' అన్నప్పుడు మాత్రం ఆ దోషం అంటదు. అది ఒక జానపద కళకు పేరు.

లాటిన్ భాషలోని 'పెర్సోనా' దీనికి దగ్గరి బంధువు వంటిది. నటుడు ముఖానికి ధరించే కృత్రిమ ముఖాన్ని రోమనులు అలా పిలిచేవారు. తరువాత అది పాత్రకు, చివరకు మనిషికే పేరైంది. అది స్త్రీలింగ పదం. పురుషుని గురించి చెప్పినా లింగం మారదు. ఇంగ్లీషు 'పర్సన్', ఫ్రెంచి 'పెర్సొన్' దాని సంతతే. ఫ్రెంచిలో నిషేధవాక్యంలో చేరితే దానికి 'ఎవరూ' అనే అర్థం వస్తుంది. వైయాకరణులు దానినే మన 'పురుష'కు సమానమైన పారిభాషిక పదంగా వాడారు.

మనిషిని సూచించే గౌరవం 'వేషము'నకు దక్కలేదు. 'వేషగాడు' అన్న మాట తిట్టుగా వినిపించడం వల్ల కాబోలు, పత్రికలు 'పాత్రధారి' అని వ్రాస్తాయి. యక్షగాన బృందాలలో మాత్రం 'వేషం కట్టడం' నేటికీ మచ్చలేని మాటే.