గూటి పక్షుల ఛాయాచిత్రణ

గుడ్లు పొదుగుతున్న లేదా పిల్లలను సాకుతున్న అడవి పక్షులను ఫోటో తీయుటకు భారతదేశంలో చట్టపరమైన పరిమితులు ఉన్నాయి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యానికి, ఆళ్ళగడ్డ సమీపాన అహోబిలం చుట్టూ ఉన్న నల్లమల అడవులకు వెళ్ళే ఛాయాచిత్రకారులు వీటిని తెలుసుకొనుట అవసరం.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షను ప్రకారం అభయారణ్యంలో ఫోటోలు తీయుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చును. ఆవాసానికి మార్పు గాని, వన్యప్రాణులకు హాని గాని కలుగరాదని 2022 నాటి సవరణ స్పష్టం చేసింది. ఈ అనుమతి ఉంటే గూటి దాకా వెళ్ళవచ్చునని కొందరు భావిస్తారు. అది సరికాదు. అదే చట్టంలో 'వేట'కు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాక, గుడ్లకు, గూళ్ళకు అలజడి కలిగించడం కూడా వేటయే. అనగా తుపాకి లేకుండానే వేటగాడు కావచ్చును. ఈ నిషేధం అభయారణ్యం హద్దులతో ఆగదు. చట్టపు ఒకటవ, రెండవ షెడ్యూళ్ళలోని పక్షి ఊరి చెరువు గట్టున గూడు కట్టినా వర్తిస్తుంది.

రోళ్ళపాడు

మిడుతూరు మండలంలోని ఈ అభయారణ్యం బట్టమేక పక్షి రక్షణకై 1988లో ఏర్పడింది. విస్తీర్ణం 614 హెక్టార్లు. ఇది చెట్లు పలుచగా ఉండే గడ్డిమైదానం. బట్టమేక గూడు అల్లదు. సాధారణంగా ఒకే గుడ్డును నేలమీదనే పెడుతుంది. ఆడపక్షి ఒంటరిగా సుమారు నాలుగు వారాలు పొదుగుతుంది. మనిషి అలికిడికి అది లేచిపోతే గుడ్డు ఎండకు మాడుతుంది, లేదా కాకుల పాలవుతుంది. ఆ ఏటి సంతానం అంతటితో పోయినట్లే. 2011 నుండి ఈ జాతి అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. ఇటీవలి సంవత్సరాలలో రోళ్ళపాడులో దాదాపు కానరావడం లేదు. అయినా నేలమీద గుడ్లు పెట్టే కౌజులు, భరత పక్షులు వంటివాటికి ఈ గడ్డి ఆశ్రయమే. కావున దారి విడిచి గడ్డిలో నడవరాదు.

జాగ్రత్తలు

చిత్రం స్పష్టంగా రావాలని గూటికి అడ్డున్న కొమ్మలను, ఆకులను తొలగించుట అన్నింటికన్నా హానికరం. ఆ ఆకులే పిల్లలకు నీడ, మరుగు. ఫ్లాష్, డ్రోను, రికార్డు చేసిన కూతలు వాడరాదు. తల్లి నోట ఆహారంతో గూటికి పోక దూరంగా తచ్చాడుతున్నా, తీతువు తలపై అరుస్తూ తిరుగుతున్నా, మనిషి మరీ దగ్గరగా ఉన్నాడని అర్థం. వెంటనే వెనుకకు మరలాలి. ఫోను కెమెరాలు చిత్రంలో స్థలవివరాలను కూడా నమోదు చేయగలవు గనుక, ఇతరులకు పంపే ముందు వాటిని తొలగించాలి.