తేదీ తారుమారైతే: స్ప్రెడ్‌షీట్‌లలో ప్రాంతీయ తేదీ అమరిక, పరిశోధన దత్తాంశాల విశ్వసనీయత

వ్యవసాయ ప్రయోగంలో నమోదయ్యే పరిశీలనలన్నిటికీ తేదీయే ఆధారం. విత్తిన తేదీ, నాటిన తేదీ, యాభై శాతం మొక్కలు పూతకు వచ్చిన తేదీ, పైపాటుగా ఎరువు వేసిన తేదీ, కోసిన తేదీ అనే ఈ అయిదింటి మధ్య గల అంతరాల నుండే పంటకాలం, ఎరువుల ఎడం, సంచిత ఉష్ణ దినాలు లెక్కకు వస్తాయి. వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ వంటి వాతావరణ వివరాలను పంట దశలతో జతపరచేదీ తేదీయే. దిగుబడి అంకెలో దోషముంటే విశ్లేషణలో అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. తేదీలోని దోషం మాత్రం చక్కని పట్టికలో, సరైన పంటకాలం చూపుతూనే, ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు. కంప్యూటర్‌లోని ప్రాంతీయ అమరిక మారినందువల్ల కలిగే దోషం ఈ కోవకు చెందినది.

తేదీ వెనుక ఉన్న సంఖ్య

ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్ తేదీని తేదీగా దాచుకోదు. ఒక క్రమసంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1వ తేదీకి ఒకటి అనే సంఖ్యను కేటాయించి, అక్కడినుండి రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ పోతుంది. ఈ లెక్కన 2023 జూలై 8 అంటే 45115. అదే ఏడాది సెప్టెంబరు 10 అంటే 45179. రెండింటి భేదం 64. పంటకాలాన్ని ఒక చిన్న తీసివేతతో కనుగొనగలగడం ఈ ఏర్పాటు వల్లనే సాధ్యమవుతున్నది.

ఈ లెక్కలో ఒక పాత పొరపాటు నేటికీ కొనసాగుతున్నది. 1900 లీపు సంవత్సరం కాకపోయినా, ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29ని గుర్తించి దానికి 60 అనే సంఖ్య ఇస్తుంది. అంతకుముందు ప్రచారంలో ఉన్న లోటస్ 1-2-3తో పొత్తు కుదరడానికి దీనిని అలాగే ఉంచారు. పాత మాకింతోష్ యంత్రాలపై తయారైన ఫైళ్లలో లెక్క 1904 నుండి మొదలవుతుంది. ఆ రెండు పద్ధతుల మధ్య తేడా 1462 రోజులు, అనగా నాలుగేళ్ల ఒక రోజు. పాత ప్రయోగాల ఫైళ్లనుండి తేదీలను కొత్త ఫైలులోకి తెచ్చినప్పుడు అన్ని తేదీలూ ఒకేసారి నాలుగేళ్లు జరిగినట్లు కనిపిస్తే కారణం ఇదే.

తెరపై కనిపించే రూపం వేరు, గడిలో నిలిచి ఉన్న సంఖ్య వేరు అన్న విషయం ఇక్కడ ముఖ్యం. 45115 అన్న సంఖ్యను 08-07-2023 అని, 7/8/2023 అని, 8 జూలై 2023 అని ఎలా చూపినా దాని విలువ మారదు.

ప్రాంతీయ అమరిక చేసే పని

మన దేశంలోను, బ్రిటన్‌లోను తేదీని రోజు, నెల, సంవత్సరం క్రమంలో వ్రాస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నెల ముందు, రోజు తరువాత వస్తాయి. చైనా, జపాన్, కొరియాలలో సంవత్సరం ముందుంటుంది. విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ అనే చోట ఎంచుకున్న దేశాన్ని బట్టి ఎక్సెల్ ఈ క్రమాన్ని గ్రహిస్తుంది. కొత్తగా కొన్న యంత్రంలో అమెరికా అమరిక ఉండిపోవడం మన కార్యాలయాలలో అరుదేమీ కాదు.

ఈ అమరిక రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మొదటిది, నిలిచి ఉన్న సంఖ్యను ఏ రూపంలో చూపాలో నిర్ణయించడం. ఫార్మాట్ సెల్స్‌లోని తేదీ రూపాలలో నక్షత్రం గుర్తు ఉన్నవి ప్రాంతీయ అమరికతో పాటు మారుతాయి. ఆ గుర్తు లేనివి మారవు. ఈ మార్పు వల్ల విలువకు హాని లేదు. రెండవది, మనం టైపు చేసిన అక్షరాలను లేదా తెరచిన సి.ఎస్.వి. ఫైలులోని పాఠ్యాన్ని ఏ తేదీగా అర్థం చేసుకోవాలో నిర్ణయించడం. ప్రమాదమంతా ఈ రెండవ పనిలోనే ఉన్నది.

ఎక్సెల్ సొంత రూపంలో దాచిన ఫైలును ఒక దేశపు యంత్రం నుండి మరొక దేశపు యంత్రానికి పంపినా సంఖ్య సంఖ్యగానే చేరుతుంది. సి.ఎస్.వి. ఫైలులో సంఖ్య ఉండదు; తెరపై కనిపించిన అక్షరాలు మాత్రమే ఉంటాయి. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు, గణాంక విశ్లేషణ ప్యాకేజీలు ఎక్కువగా ఇచ్చిపుచ్చుకునేది ఈ సి.ఎస్.వి. రూపంలోనే.

365 రోజులలో 132

రోజు ముందుగా వ్రాసిన తేదీలున్న సి.ఎస్.వి. ఫైలును అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్‌లో నేరుగా తెరిస్తే ఏమవుతుందో లెక్కించి చూడవచ్చు. ప్రతి నెలలో 13వ తేదీ మొదలు చివరి వరకు ఉన్న రోజులను యంత్రం తేదీగా గుర్తించలేదు, ఎందుకంటే 13వ నెల లేదు. అవి పాఠ్యంగానే మిగిలి గడిలో ఎడమవైపు ఒదుగుతాయి. ఏడాదికి ఇవి 221. మిగిలిన 144 రోజులను అది తేదీలుగా స్వీకరించి కుడివైపు చేరుస్తుంది. వాటిలో జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 3 వంటి పన్నెండు మాత్రమే సరిగా ఉంటాయి. తక్కిన 132 రోజులలో రోజు, నెల తారుమారవుతాయి.

పాఠ్యంగా మిగిలిన 221 గడులు సూత్రం వేసిన వెంటనే దోష సూచన చూపుతాయి. విద్యార్థి వాటిని గమనించి, ఒక్కొక్కటిగా సరిదిద్ది, పని పూర్తయిందనుకుంటాడు. తారుమారైన 132 ఏ సూచనా ఇవ్వవు. కనిపించిన తప్పును దిద్దడమే కనిపించని తప్పుకు ముసుగవుతుంది.

ఖరీఫ్ దత్తాంశాలలో ఈ దోషం మరింత మభ్యపెడుతుంది. జూలై 1 నుండి 5 వరకు గల తేదీలు జనవరి నుండి మే వరకు గల నెలలకు జారిపోతాయి గనుక అనుభవజ్ఞుని కంట పడతాయి. కాని జూలై 6 జూన్ 7గా, జూలై 8 ఆగస్టు 7గా, జూలై 9 సెప్టెంబరు 7గా, జూలై 10 అక్టోబరు 7గా మారుతాయి. ఇవన్నీ ఖరీఫ్ కాలంలోనివే. రబీలోను ఇంతే. నవంబరు 10న విత్తిన శనగ అక్టోబరు 11న విత్తినట్లు నమోదవుతుంది. రెండు తేదీలూ నమ్మదగినవిగానే కనిపిస్తాయి.

పత్తి మడి ఉదాహరణ

వర్షాధారపు పత్తిని ఒక మడిలో 2023 జూలై 8న విత్తి, సెప్టెంబరు 10న యాభై శాతం పూత నమోదు చేశారనుకుందాం. పూతకు పట్టిన కాలం 64 రోజులు. రెండు తేదీలూ తారుమారైతే విత్తినది ఆగస్టు 7, పూత అక్టోబరు 9 అవుతాయి. వాటి క్రమసంఖ్యలు 45145, 45208. భేదం 63. ఒక్క రోజు తేడాను ఏ మార్గదర్శకుడూ అనుమానించడు. పంటకాలాన్ని బట్టి చూస్తే దత్తాంశం నిర్దోషమే.

అయితే విత్తిన సమయం 27వ ప్రామాణిక వాతావరణ వారం నుండి 32వ వారానికి జరిగిపోయింది. వర్షపాతం, సంచిత ఉష్ణ దినాలు, రసం పీల్చే పురుగుల ఉద్ధృతి మొదలైనవన్నీ వేరే నెల వాతావరణంతో జతపడతాయి. సహసంబంధ గుణకాలు వస్తాయి, సార్థకత పరీక్షలు కూడా నెగ్గవచ్చు. వాటికి అర్థం మాత్రం ఉండదు. విత్తే సమయంపై జరిగిన ప్రయోగమైతే హాని ఇంకా పెద్దది. జూలైలో విత్తిన మడి దిగుబడి ఆగస్టు ఖాతాలో పడి, ఆలస్యంగా విత్తినా నష్టం లేదన్న నిర్ణయానికి దారితీయవచ్చు. వర్షాధారపు పత్తిని ఆగస్టు వరకు ఆలస్యం చేస్తే కాయ ఊరే దశకు నేలలో తేమ తరిగిపోతుంది. ఆ మూల్యం చెల్లించేది కంప్యూటర్ ముందు కూర్చున్నవారు కాదు, సిఫారసును నమ్మి విత్తిన రైతు.

తేదీ కానిది తేదీగా మారితే

ఇదే స్వభావం వల్ల తేదీలు కాని గుర్తులు సైతం తేదీలవుతాయి. రెండవ పునరావృత్తిలోని అయిదవ మడిని 2-5 అని టైపు చేస్తే మన అమరికలో మే 2, అమెరికా అమరికలో ఫిబ్రవరి 5 అవుతుంది. మట్టి నమూనా లోతు 5-10 అని వ్రాస్తే అదీ తేదీయే. ఒకసారి మారిన తరువాత గడి రూపాన్ని పాఠ్యంగా మార్చినా మొదటి గుర్తు తిరిగి రాదు. అయిదంకెల క్రమసంఖ్య మాత్రమే మిగులుతుంది.

జన్యుశాస్త్రంలో ఈ సమస్య ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది. జన్యువుల పట్టికలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాలలో సుమారు అయిదవ వంతులో పేర్ల దోషాలున్నట్లు 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వెలువడిన అధ్యయనం చూపింది. సెప్ట్1, మార్చ్1 వంటి మానవ జన్యువుల పేర్లు తేదీలుగా మారుతున్నందున నామకరణ సంఘం 2020 నాటికి వాటి పేర్లనే మార్చవలసి వచ్చింది. ఇటువంటి స్వయంచాలిత మార్పులను నిలుపుచేసే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో ఎక్సెల్‌లో కల్పించింది.

దోషాన్ని గుర్తించే విధానం

మొదట తేదీల నిలువు వరుసకు ఎడమ, కుడి అమరికను తొలగించి చూడవలెను. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఒదిగితే అనుమానించవలెను. ఈజ్‌నంబర్ అనే సూత్రంతో సంఖ్యలను, పాఠ్యాన్ని వేరుచేయవచ్చు. తరువాత డే అనే సూత్రంతో సంఖ్యలుగా ఉన్న తేదీలనుండి రోజును మాత్రమే వెలికితీయవలెను. రోజువారీ వాతావరణ పట్టికలో ఒక్క రోజు కూడా 12 దాటకపోతే తారుమారు జరిగినట్లే. అన్ని తేదీలనూ సంవత్సరం, నెల పేరు, రోజు రూపంలోకి మార్చి చదివితే జారిన నెల కంటికి తెలుస్తుంది.

సరిదిద్దే విధానం

అత్యుత్తమ మార్గం మూల ఫైలుకు, అది లేనప్పుడు క్షేత్ర నమోదు పుస్తకానికి తిరిగి వెళ్లడం. మూల సి.ఎస్.వి. ఫైలు ఉంటే దానిపై రెండుసార్లు నొక్కి తెరవరాదు. డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకొని, పవర్ క్వెరీలో యూజింగ్ లొకేల్ అనే ఎంపికతో ఆ వరుసను ఇంగ్లీష్ ఇండియా తేదీగా ప్రకటించవలెను. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఫైలు తెరిచేటప్పుడే ప్రతి నిలువు వరుసకు తేదీ క్రమాన్ని ఎంచుకొనవచ్చు. గూగుల్ షీట్స్‌లో అమరిక కంప్యూటర్‌ది కాక ఫైలుకు చెందినది. ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్‌ను సరిచూసిన తరువాతే దత్తాంశాన్ని చేర్చవలెను.

మూలం దొరకనప్పుడు, పాఠ్యంగా మిగిలిన గడులకు టెక్స్ట్ టు కాలమ్స్‌లోని డి.ఎమ్.వై. ఎంపిక పనిచేస్తుంది. తారుమారైన సంఖ్యలకు డేట్ సూత్రంలో రోజు స్థానంలో నెలను, నెల స్థానంలో రోజును ఉంచి సరిచేయవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ వరుసలో మునుపే ఎవరో సరిగా నమోదు చేసిన 2023 జూలై 15 వంటి తేదీ ఉంటే, ఈ సూత్రం దోషం చూపకుండా పదిహేనవ నెలను లెక్కించి 2024 మార్చి 7 అని ఇస్తుంది. అందువల్ల సరిదిద్దిన తేదీలను కొత్త వరుసలో ఉంచి, పాతదానిని తొలగించకుండా, నమోదు పుస్తకంతో కొన్నిటినైనా సరిపోల్చవలెను.

దోషం బయటపడిన తరువాత కంప్యూటర్‌లో ప్రాంతీయ అమరికను మార్చినంత మాత్రాన అది తొలగిపోదు. తప్పుగా నిలిచిన సంఖ్య తప్పుగానే ఉండి, మనకు అలవాటైన రూపంలో కనిపించడం వల్ల మరింత నమ్మకం కలిగిస్తుంది.

నివారణకు పాటించవలసినవి

1. తేదీలను 2023-07-08 వలె సంవత్సరం, నెల, రోజు క్రమంలో నమోదు చేయవలెను. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం సూచించేది ఈ క్రమమే. మన అమరికలోను, అమెరికా అమరికలోను దీనికి ఒకే అర్థం వస్తుంది. పాఠ్యంగా ఉన్నా కాలక్రమంలోనే వరుసపడుతుంది.
2. నమోదు ప్రారంభించక ముందే ఆ నిలువు వరుసకు ఇదే రూపాన్ని కేటాయించవలెను. లేనిచో టైపు చేసిన వెంటనే తేదీ స్థానిక రూపంలోకి మారి, సి.ఎస్.వి.గా దాచినప్పుడు అదే రూపంలో బయటకు వెళుతుంది.
3. పలు కేంద్రాలలో జరిగే ప్రయోగాలలో రోజు, నెల, సంవత్సరాలకు మూడు వేర్వేరు వరుసలు కేటాయించడం క్షేమకరం.
4. మడి గుర్తులను ఆర్2పి5 వలె అక్షరాలతో కలిపి వ్రాయవలెను.
5. కేంద్రాల నుండి వచ్చిన మూల ఫైలును మార్చకుండా భద్రపరచి, నకలుపై మాత్రమే పనిచేయవలెను.

వీటితో పాటు తేదీ పక్కన మరొక సాక్ష్యం ఉండడం మేలు. ప్రామాణిక వాతావరణ వారం సంఖ్యను క్షేత్రంలోనే చేతితో వ్రాసుకుంటే, తరువాత తేదీ నుండి లెక్కించిన వారంతో పోల్చి తారుమారును క్షణంలో పట్టుకొనవచ్చు. రైతుల పొలాలలో చేసే సర్వేలలో ఈ సాక్ష్యం సిద్ధంగానే ఉంటుంది. తెలుగు రైతు విత్తిన రోజును తరచు కార్తెతో చెబుతాడు. జూలై 6 ప్రాంతంలో మొదలయ్యే పునర్వసుకు, ఆగస్టు మొదటి వారంలో ప్రవేశించే ఆశ్లేషకు మధ్య పుష్యమి కార్తె మొత్తం ఉన్నది. పునర్వసులో విత్తానని రైతు చెప్పిన మాటను పట్టికలో ఒక వరుసగా ఉంచితే, ఆ పక్కనే ఆగస్టు 7 అన్న తేదీ నిలబడలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు తమ సర్వే పత్రాలలో ఈ ఒక్క గడిని చేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. కంప్యూటర్ ఏ దేశపు అమరికలో ఉన్నా కార్తె క్రమం మారదు.