ట్రావెల్ ట్రైలర్‌లో స్టీరియోకు స్పీకర్ల ఎంపిక

అమెరికాలో కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కువెళ్లే చక్రాల ఇంటిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. అందులోని స్టీరియో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ మీదే పనిచేస్తుంది కనుక, స్పీకరు ఎంపికలో మొదట చూడవలసినది ఇంపెడెన్స్, అనగా విద్యుత్ సంకేతానికి స్పీకరు చూపే అవరోధం. దీనిని ఓమ్‌లలో కొలుస్తారు. వోల్టేజీని పెంచే ప్రత్యేక వలయం లేని స్టీరియో 4 ఓమ్‌ల కారు స్పీకరుకు నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 18 వాట్లు మాత్రమే కాగా, ఇళ్లలో వాడే 8 ఓమ్‌ల స్పీకరుకు అందులో సగమే అందుతుంది. పెట్టె మీద ఘనంగా అచ్చువేసే 50 వాట్లు చాలావరకు క్షణకాలపు గరిష్ఠమే.

అందువల్ల వాట్ల అంకె కన్నా సెన్సిటివిటీని నమ్మడం మేలు. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వస్తుందో తెలిపే ఈ కొలత 3 డెసిబెల్‌లు అధికమైతే అంతే ధ్వనికి సగం శక్తి చాలు గనుక, కరెంటు సదుపాయం లేని విడిదిలో బ్యాటరీ మీద భారం తగ్గుతుంది.

ట్రైలర్ గోడలు పలుచన కాబట్టి రంధ్రం కోసే ముందే స్పీకరు వెనుక భాగపు లోతును కొలిచి, లోపలి తీగలను గమనించాలి. బయటి గోడకు ఎండనూ తేమనూ తట్టుకునే పడవల స్పీకర్లే తగినవి. అయితే అక్కడ పెద్దవి కొనడం దండుగ, ఎందుకంటే అమెరికా జాతీయ ఉద్యానవనాల విడిదుల్లో సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు నిశ్శబ్దం పాటించాలి.