కాంపౌండు విల్లు: కొనుటకు ముందు కొలువవలెను

విలువిద్య మన పల్లెలకు క్రొత్తది కాదు. మన్యపు కొండలలో కోయలు, కొండరెడ్లు తరతరములుగా వెదురువిల్లును చేతబట్టినవారే. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున సాగిన మన్యపు తిరుగుబాటులో ఆ విండ్లును పాలుపంచుకొన్నవి. ఇపుడు మన యువకులు, బాలికలు కోరుచున్నది మరియొక విధమైన విల్లు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతిసురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది కాంపౌండు విల్లుతోనే. నాటినుండి ఆ విల్లు పేరు పల్లె పాఠశాలలలోను వినవచ్చుచున్నది. తమ గ్రామమునకు అట్టి విల్లు నొకదానిని సమకూర్పుడని పంచాయతీలను పిల్లలడుగుట సహజము. అడుగుట మంచిదే, ఇచ్చుటయు మంచిదే. కాని ఇచ్చు విధము తెలియనిచో మేలు చేయబోయి కీడు చేసినట్లగును.

కొంతకాలము క్రిందట ఈ వ్యాసకర్త ఒక గ్రామమునకు వెళ్ళియుండగా, పంచాయతీ కార్యాలయపు బీరువాపై దుమ్ముపట్టిన విల్లొకటి కనబడెను. దూరదేశమున నున్న గ్రామాభిమాని యొకరు, ఖరీదైనదే మేలైనదని నమ్మి, దానిని పంపిరట. అది 70 పౌండ్ల వేటవిల్లు. ఎనిమిదవ తరగతి పిల్లలు దానిని సగమైనను లాగలేకపోయిరి. పట్టుదలగల బాలు డొకడు ఆకాశమువైపు ఎత్తి, నడుము వంచి, బలవంతముగా లాగి భుజము నరము పట్టించుకొనెను. అతడు మరల విల్లు ముట్టలేదు; తక్కిన పిల్లలును మానిరి. అందరును విల్లు ధరను విచారించిరి, తయారీదారు పేరును విచారించిరి. పిల్లవాని చేతుల కొలత మాత్రము ఎవరును తీయలేదు. అట్టి పొరపాటు మరియొక గ్రామమున జరుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

ఈ విల్లు ఎట్లు పనిచేయును?

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రవాసి హోలెస్ విల్బర్ ఆలెన్ ఈ విల్లును రూపొందించి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. 1969లో అది లభించెను. సాధారణమైన వింటిని ఎంత వెనుకకు లాగిన అంత బరువెక్కును. పూర్తిగా లాగి గురి చూచువేళకే చేతిపై అన్నిటికంటె నెక్కువ భారము పడును. కాంపౌండు విల్లు ఈ చిక్కును తీర్చినది.

దీని రెండు కొనలందును గిలకలు కలవు. క్రీడాకారులు వీనిని క్యాములందురు. మన నూతి గిలకకు ఇరుసు సరిగా నడుమ నుండును. ఈ గిలకలకు ఇరుసు నడుమ నుండక ప్రక్కకు జరిగియుండును. గిలక ఆకారమును నిండు గుండ్రము కాదు. అందువలన నారిని లాగునపుడు బరువు మొదట వేగముగ పెరిగి, కొంతదూరము నిలిచి, చివరకు ఒక్కసారిగా తగ్గిపోవును. నిండుబిందెను నూతినుండి చేది ఒరపై నానించినంత సుఖముండును. ఈ తగ్గుదల సాధారణముగా నూటికి 65 నుండి 80 వంతులు. 50 పౌండ్ల విల్లు నూటికి 80 వంతులు సడలునదైనచో, పూర్తిగా లాగిన తరువాత చేతిపై నిలుచునది 10 పౌండ్లే. కనుకనే విలుకాడు నిమ్మళముగ గురి చూడగలడు.

అయితే ఈ సౌకర్యముతోపాటు ఒక నియమమును వచ్చినది. వెదురువిల్లును పొడుగువాడు కొంత ఎక్కువ, పొట్టివాడు కొంత తక్కువ లాగుకొనును. కాంపౌండు విల్లు అట్లు కాదు. గిలకలు ఒక స్థానమునకు తిరిగి ఆగిపోవును. అచట నారి గోడకు తగిలినట్లు నిలుచును. ఆ స్థానము యంత్రములోనే నిర్ణయమై యుండును. మనిషి దానికి సరిపోనిచో విల్లు సర్దుకొనదు, మనిషియే వంకరపోవలెను. ఈ విల్లును కొనుటకు ముందు కొలతలు తీయవలెననుటకు ఇదియే కారణము.

పోటీల నియమములు

అంతర్జాతీయ పోటీలలో కాంపౌండు విలుకాండ్రు 50 మీటర్ల దూరమునుండి 80 సెంటీమీటర్ల లక్ష్యపటముపై బాణములు వేయుదురు. 10 పాయింట్లు లభించు నడిమి వలయము అడ్డుకొలత 8 సెంటీమీటర్లు మాత్రమే. అర్హత పోటీలో 72 బాణములు, 720 పాయింట్లు. ముఖాముఖి పోటీలో 15 బాణములు, 150 పాయింట్లు. హాంగ్‌ఝౌ తుదిపోటీలో జ్యోతిసురేఖ 150కి 149 పాయింట్లు సాధించినది. విల్లు బరువు 60 పౌండ్లు, అనగా సుమారు 27 కిలోలు, మించరాదు. 2028లో లాస్ ఏంజిల్స్‌లో జరుగనున్న ఒలింపిక్ క్రీడలలో కాంపౌండు విభాగమున స్త్రీపురుషుల మిశ్రమ జట్ల పోటీని చేర్చుటకు 2025లో నిర్ణయము జరిగినది. కాబట్టి ఈ విద్య నేర్చు పిల్లల ముందు విశాలమైన మార్గము కలదు.

మొదట మనిషి కొలతలు

విల్లు కొనబోవు ముందు మూడు విషయములు తెలిసికొనవలెను. వీనికి ఒక కొలత టేపు, ఒక కుర్చీ చాలును.

మొదటిది కన్ను. మన రెండు కన్నులలో నొకటి గురికి ప్రధానమై యుండును. రెండు అరచేతులను ముందుకు చాచి, వ్రేళ్ళ నడుమ చిన్న సందు చేసి, దానిగుండ దూరమున నున్న తాటిచెట్టు తలను చూడవలెను. పిమ్మట ఒక్కొక్క కన్ను మూయవలెను. ఏ కన్ను తెరచియున్నపుడు చెట్టు సందులోనే నిలిచియుండునో అదియే గురికన్ను. కుడికన్ను ప్రధానమైనవారు సాధారణముగా ఎడమచేత విల్లు పట్టి కుడిచేత నారి లాగుదురు. ఎడమకన్ను ప్రధానమైనవారికి ఎడమవాటపు విల్లు వేరుగ నుండును. ఒకదానిని మరియొకదానిగా మార్చుటకు వీలులేదు.

రెండవది లాగుడు పొడవు. పిల్లవానిని గోడకు ఆనించి నిలిపి, చేతులు రెండును బారచాపించి, ఒక నడివ్రేలి కొననుండి మరియొక నడివ్రేలి కొనవరకు అంగుళములలో కొలువవలెను. ఆ సంఖ్యను రెండున్నరతో భాగించిన లాగుడు పొడవు సుమారుగా తెలియును. బార 60 అంగుళములైన 24. 65 అయిన 26. 70 అయిన 28. ఇది ఆరంభమునకు మాత్రమే; తుది నిర్ణయము శిక్షకుడు విల్లు లాగించి చూచి చేయవలెను. పొడవు ఎక్కువైన విల్లుతో తల వెనుకకు వాలును, విల్లుపట్టిన మోచేయి బిగుసుకొని నారి ముంజేతిని కొట్టును. తక్కువైనచో భుజములు ముడుచుకొని గురి నిలువదు. ఒక్క అంగుళము తేడాకే ఈ ఇక్కట్లు కలుగవచ్చును.

మూడవది బలము. నేర్చుకొను వానిని కుర్చీలో కూర్చుండబెట్టి, పాదములు నేలనుండి కొంచెము పైకెత్తించి, విల్లును లక్ష్యమువైపు సమముగ పట్టించి లాగుమనవలెను. విల్లును ఆకాశమువైపు ఎత్తకయు, నడుము మెలిపెట్టకయు, నెమ్మదిగా లాగి, కొంతసేపు నిలిపి, అంతే నెమ్మదిగా తిరిగి వదలగలిగిన బరువే అతనికి తగినది. ఆరంభమున పండ్రెండు, పదమూడేండ్ల పిల్లలకు 15 నుండి 25 పౌండ్లు, వయసువచ్చిన స్త్రీలకు 30 నుండి 40, పురుషులకు 40 నుండి 50 అనునది ఉజ్జాయింపు. బలము పెరిగినకొలది బరువు పెంచుకొనవచ్చును.

తక్కువ బరువైన విల్లు నామోషీ అని యువకులు తలంచుట కలదు. వారికొక లెక్క చెప్పవచ్చును. 40 పౌండ్ల విల్లును అర్హత పోటీలో 72 మారులు లాగిన మొత్తము సుమారు 1,300 కిలోలగును. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు పదునేడింటికి పైమాట. ఒక్కసారి ఎత్తగలిగిన బరువు వేరు, సాయంకాలమువరకు మోయగల బరువు వేరు. మోతపని చేసిన ప్రతివానికిని ఇది తెలిసినదే.

పిదప విల్లు గుణములు

బజారులో దొరకు కాంపౌండు విండ్లలో చాలభాగము పరదేశములలో వేటకై చేయబడినవి. మన దేశమున వన్యమృగముల వేట చట్టరీత్యా నేరము. కనుక మనకు కావలసినది గురిపోటీలకు తగిన విల్లు. రెండింటిని గుర్తించుటకు మూడు గురుతులు చూడవలెను.

పొడవు: ఒక ఇరుసునుండి రెండవ ఇరుసువరకు కొలుతురు. వేటవిల్లు పొదలలో తిరుగుటకు వీలుగా 28 నుండి 33 అంగుళములుండుట సాధారణము. గురివిల్లు 36 నుండి 40 అంగుళములుండును. పొడవైన విల్లు చేతిలో కుదురుగ నిలుచును. చిన్నపిల్లలకు మాత్రము వారి శరీరమునకు తగినట్లు పొట్టి విల్లే తగును.

నారికి, పిడికి నడుమ ఎడము: ఇది తక్కువైనకొలది బాణము వేగముగ పోవును, కాని చేతి తప్పులు బాణముపై ఎక్కువగ కనబడును. నేర్చుకొనువారికి ఏడు అంగుళములు, అంతకు మించినది మేలు.

వేగము: ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడునది ఇదే, చివరకు చూడవలసినదియు ఇదే. ఆ అంకెలు సాధారణముగా 70 పౌండ్ల బరువు, 30 అంగుళముల లాగుడు, 350 గ్రెయిన్ల బాణము పెట్టి తీసినవి. పోటీలలో 60 పౌండ్లకు మించిన విల్లుకు అనుమతి లేదు గదా! 40 పౌండ్లు, 26 అంగుళములు లాగు మన బాలికకు ఆ వేగము రానేరాదు, అవసరమును లేదు. స్థిరమైన లక్ష్యమునకు వేగముకంటె నిలుకడ ముఖ్యము.

గ్రామమున పలువురు పిల్లలు ఒకే వింటిపై నేర్చుకొనవలసియున్నచో, లాగుడు పొడవును బరువును విస్తారముగ మార్చుకొనుటకు వీలైన అభ్యాసపు విల్లు కొనవలెను. అట్టి విల్లులో చిన్న తాళపుచెవితో మరలు తిప్పి కొలతలు మార్చవచ్చును. కొన్ని విండ్లకు కొలత మార్చవలెనన్న గిలకలనే మార్చవలసియుండును. దానికి ప్రత్యేకమైన యంత్రము కావలెను. ఈ సంగతి అంగడిలోనే అడిగి తెలిసికొనుట మంచిది.

ఖర్చును పంచుట

ఉన్న సొమ్మంతయు విల్లుకే వెచ్చించుట పొరపాటు. బాణములు, బాణమును మోయు రెస్టు, గురిచూచు సైటు, నారిని విడుచు రిలీజు, విల్లును కుదురుగ నుంచు స్టెబిలైజరు, లక్ష్యపు దిండ్లు, పటములు ఇవి అన్నియు కావలసినవే. నారి, కేబులు కొంతకాలమునకు అరిగి మార్చవలసివచ్చును. పైతరగతి విల్లు సామగ్రితో కలిపి లక్షరూపాయలు మించును. సగము సొమ్ము ఈ సామగ్రికై ఉంచుకొని, మిగిలినదానితో తగిన విల్లు ఎన్నుకొనుట వివేకము.

బాణములలో పొదుపు అపాయకరము. విల్లు బరువులో పౌండు ఒక్కింటికి 5 గ్రెయిన్లకు తక్కువగాని బాణము ఉండవలెనని తయారీదారులు సాధారణముగా నియమము పెట్టుదురు. 40 పౌండ్ల విల్లుకు 200 గ్రెయిన్లు, అనగా సుమారు 13 గ్రాములు, కనీసము ఉండవలెను. బాణపు బిగువును విల్లు బరువునకు తగినట్లుండవలెను. పొట్టిబాణము రెస్టునుండి జారి చేతిలో దిగబడవచ్చును.

మరియొక మాట. మొదటి సంవత్సరముననే కాంపౌండు విల్లు కొనితీరవలెనను నియమము లేదు. మన జాతీయ పోటీలలో వెదురువిల్లుతో ఆడు ఇండియన్ రౌండు విభాగము కలదు. మంచి శిక్షకుని చెంత వెదురువింటితో ఆరంభించి, ఆసక్తియు నిలుకడయు కనబరచినవారికి పిదప కాంపౌండు విల్లు సమకూర్చుట తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చు మార్గము.

జాగ్రత్తలు

బాణము పెట్టకుండ నారిని లాగి విడువరాదు. బాణమునకు పోవలసిన బలమంతయు విల్లుమీదనే పడి రెక్కలు చీలును, నారి తెగును, చెంతనున్నవారికి గాయములగును. చూడవచ్చినవారు సరదాకు లాగి విడుచుట తరచు జరుగును గనుక విల్లును తాళమువేసి యుంచవలెను. వెదురువిల్లువలె దీని నారిని దినదినము దించనవసరము లేదు. కాని ఎండలో నిలిపిన కారులోను, రేకుల కప్పు క్రిందను ఉంచరాదు.

అభ్యాసస్థలము వెనుక బాటగాని, పొలముగట్టుగాని, పశువుల మేతబీడుగాని ఉండరాదు. లక్ష్యము వెనుక ఎత్తైన మట్టికట్ట వేయించుట పంచాయతీ చేయగల మొదటి సహాయము. అందరును ఒకే వరుసలో నిలిచి వేయవలెను. బాణములు తెచ్చుకొనుటకు అందరును కలిసియే పోవలెను. శిక్షకుడు లేనిదే విల్లు బయటకు తీయరాదు. శిక్షకుని విషయమై జిల్లా క్రీడాధికారులను సంప్రదింపవచ్చును.

తీర్మానమునకు ముందు

జమ్మూకాశ్మీరులోని కిష్త్వార్ జిల్లాకు చెందిన శీతల్ దేవి చేతులు లేకుండనే జన్మించినది. ఆమె కుడిపాదముతో కాంపౌండు విల్లును ఎత్తిపట్టి, భుజముతో నారి లాగి, దవడతో విడుచును. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో రాకేశ్ కుమార్‌తో కలిసి మిశ్రమ జట్ల విభాగమున కాంస్యపతకము గెలిచినది. ఆమెను వింటికి తగినట్లు మార్చుట ఎవరి తరమును కాదు. విల్లునే ఆమెకు తగినట్లు అమర్చిరి. ఫలితము లోకము చూచినది.

మన పంచాయతీలు చేయవలసినదియు నింతే. విల్లు కొనుటకు తీర్మానము వ్రాయుటకు ముందు ఒక పుస్తకము తెరచి, ఆసక్తిగల ప్రతి బాలుని, బాలికను పిలిపించి, పేరు, వయస్సు, గురికన్ను, బారకొలత, సుఖముగ లాగగల బరువు వరుసగా వ్రాయించుడు. ఆ పుస్తకమును శిక్షకునికి చూపుడు. ధరలపట్టిక అటుపిమ్మట తెప్పించుకొనవచ్చును. అట్లు కొనిన విల్లు బీరువాపైకి ఎక్కదు. పిల్లల చేతిలో నిలుచును.