రాయి కాదు, దాని నీడ

స్కానింగ్ అనగానే మనకు కడుపులో బిడ్డ గుర్తొస్తుంది. ఈ యంత్రం తొలినాళ్లలో వెతికింది మాత్రం పిత్తాశయంలో రాయిని.

1940ల చివర్లో, అమెరికాలో బెథెస్డాలోని నౌకాదళ వైద్య పరిశోధన సంస్థలో జార్జ్ లుడ్విగ్ అనే వైద్యుడు మనుషుల పిత్తాశయ రాళ్లను కుక్కల కండరాల్లో, పిత్తాశయాల్లో పెట్టి, బయటినుంచి అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి చూశాడు. పరికరం లోహాల్లో పగుళ్లు పట్టే వాటి బాపతే. బొమ్మ ఉండదు, రాయి తగిలినచోట తెరమీద గీత ఎగిరి పడుతుంది, అంతే. ప్రతిధ్వని తిరిగొచ్చిన సమయాన్ని బట్టి లోతు చెప్పాలంటే కండలో శబ్దవేగం తెలియాలి. అదీ కొలిచాడు: సగటున సెకనుకు 1540 మీటర్లు. ఇవాళ మన వీధి చివరి స్కానింగ్ సెంటర్లో యంత్రం లోతు లెక్కగట్టేదీ ఆ అంకెతోనే.

ఎక్స్-రే ఉండగా ఇదంతా ఎందుకంటే, పిత్తాశయ రాళ్లలో ఎక్కువ కొలెస్ట్రాల్‌వి. సున్నం తక్కువ. మామూలు ఎక్స్-రేలో నూటికి 10–15 మాత్రమే కనిపిస్తాయి. అందుకే 1970ల దాకా రోగులు ముందురోజు రాత్రి, ఎక్స్-రేలో పిత్తాశయం కనబడేలా చేసే మాత్రలు మింగి, పొద్దున ఫిల్ము తీయించుకునేవారు. కదిలే బొమ్మ చూపే అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ మాత్రల అవసరం తీరిపోయింది.

తెరమీద పైత్యరసం నల్లగా ఉంటుంది. అందులో తెల్లటి మెరుపు, దాని వెనక నల్లటి చార. రాయి శబ్దాన్ని అవతలికి పోనివ్వదు కనుక ఆ చార రాయి నీడ. నా దృష్టిలో మెరుపుకన్నా నీడే గట్టి సాక్షి. పక్కకు తిరగమనేది రాయి దొర్లుతుందేమో చూడటానికి. గోడకంటుకుని కదలకుంటే పాలిప్ అనే చిన్న కండ మొలక కావచ్చు. పరగడుపున రమ్మనేది ఊరికే కాదు, తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది.

మరి ఎంత కచ్చితం? నూటికి 95 పైనే అని వినపడుతుంది. ఆ అంకెలో ఒక మెలిక ఉంది. రాయి కనిపించినవాళ్లే ఆపరేషన్‌కు వెళతారు. కనిపించనివాళ్ల పొట్ట కోసి చూసేదెవరు? యంత్రం కన్నుగప్పిన రాళ్లు లెక్కలోకే రావు. 1994లో వచ్చిన ఒక సమీక్ష ఈ లోపాన్ని సరిదిద్ది చూస్తే, రాళ్లున్న నూరుమందిలో యంత్రం పట్టుకునేది 84 మందినే అని తేలింది. రాళ్లు లేని నూరుమందిలో మాత్రం 99 మందికి లేవనే చెబుతుంది. అంటే ‘ఉంది’ అన్న మాటను నమ్మినంతగా ‘లేదు’ను నమ్మలేం. నొప్పి తగ్గకపోతే మళ్లీ చూడాల్సిందే.

రాయి జారి పైత్యనాళంలో పడితే ఇంకా కష్టం. ఆ నాళం చివరిభాగం చిన్నపేగు మొదటి మలుపు చాటున ఉంటుంది. పేగులో గ్యాసు శబ్దాన్ని అడ్డగిస్తుంది. పొట్టమీది నుంచి చూస్తే పట్టుబడేది సుమారు నూటికి 73. అందుకే ఇప్పుడు అదే యంత్రాన్ని గొట్టం కొసన బిగించి, నోటిగుండా పేగులోకి దింపి, గ్యాసును దాటించి నాళం పక్కనే నిలబెడుతున్నారు.